మోడాలు మేసే విమానం

విమానం నడపడం నేర్పించడానికి వాళ్ళు నన్నే ఎందుకు ఎంచుకున్నారని ఎవరైనా అడిగితే, నాకేమీ రాదు గనుక అని చెబుతాను. ఇది వినయం కాదు, జరిగిన సంగతి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు. పట్నంలో ఒక గ్లైడింగ్ క్లబ్బు వాళ్ళు కొత్త రకం విమానం ఒకటి తయారు చేశారు. మామూలు గ్లైడరుకు ఇంజను ఉండదు. దాన్ని పైకి లేపాలంటే నేల మీద ఒక యంత్రం పెట్టి పొడుగాటి తాడుతో లాగాలి. దానికి మనుషులు కావాలి, జీపు కావాలి. ఈ కొత్తదానికి చిన్న ఇంజను ఉంది. తనంతట తానే లేస్తుంది. పైకి పోయాక ఇంజను ఆపేస్తే గద్దలాగా గాలి మీద తేలుతుంది. పైలట్ విద్యకు వచ్చే కుర్రవాళ్ళకు దీంట్లోనే చవకగా నేర్పించవచ్చని వాళ్ళ ఆశ. కానీ ఆశ ఉంటే చాలదు, ప్రభుత్వానికి చూపించాలి. అందుకు విమానం మొహం ఎరగని వాణ్ణి ఒకణ్ణి తెచ్చి, వేరే ఏదీ ఎక్కించకుండా, ఓనమాల నుంచి ఒంటరిగా ఎగిరేదాకా ఈ ఒక్కదాంట్లోనే నేర్పాలి. ఒంటరిగా ఎగరడాన్ని సోలో అంటారు. నా సోలో అయిన రోజు నేను పైలట్‌నైనట్టు, ఆ విమానం గెలిచినట్టు.

నేను అప్పటికి ప్రొద్దుటూరులో చదువు అయిందనిపించుకుని, పులివెందుల దగ్గర మా ఊళ్ళో నాయన వెంట చేనిగట్ల మీద తిరుగుతున్నాను. పేపర్లో ప్రకటన చూసి అర్జీ పెట్టాను. మనిషి బక్కగా ఉండాలి, ఆరోగ్యంగా ఉండాలి, విమానాల గురించి ఏమీ తెలిసి ఉండకూడదు. ఈ మూడింటిలో నన్ను మించినవాడు దొరకలేదు.

పరీక్షలు పట్నంలో పెట్టుకోలేదు. అక్కడ పెద్ద విమానాల రాకపోకలు ఎక్కువ. విశాలంగా, చదునుగా, చుట్టుపక్కల చెట్టూ చేమా లేకుండా, ఎండ దండిగా కాసే చోటు కావాలన్నారు. ఎండకు నేల కాగితే వేడిగాలి పైకి లేస్తుంది. ఇంజను ఆపిన గ్లైడరును మోసేది ఆ గాలే. అట్లాంటి చోటు కోసం వాళ్ళు ఎక్కడెక్కడో వెతికి చివరికి మా జిల్లాకే వచ్చారు. జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో ఒక చెరువు వానల్లేక మూడేళ్ళుగా ఎండి ఉంది. చెరువు అంటున్నాను గానీ అప్పుడది నెర్రెలు విచ్చిన నల్లరేగడి మైదానం. నెర్రెలను పూడ్చి, పైన రోలరు తిప్పి, మధ్యలో పొడుగునా ఒక బాట చేశారు. అదే మా రన్‌వే. ఊరి పెద్దలు ఒప్పుకున్నారు. నీళ్ళు లేని చెరువులో విమానం దిగితే ఎవరికేం నష్టం?

నాకు నేర్పే సారు కోస్తా ఆయన. పనిమంతుడు, కోపం లేనివాడు. కానీ నేను నోరు తెరిస్తే చాలు, ఆయనకు నవ్వు ఆగేది కాదు. "యాడ దించాల సార్?" అని నేను అడిగితే, "యాడ కాదయ్యా, ఎక్కడ. నీ మాట వింటే ఇంజను కూడా బెదిరి ఆగిపోతుంది" అనేవాడు. సారుతో వచ్చిన మెకానిక్కు కూడా నవ్వేవాడు. మొదట్లో నేనూ నవ్వాను. తర్వాత మాట్లాడటం తగ్గించాను. సాయంత్రం కాగానే వాళ్ళిద్దరూ జీపెక్కి జమ్మలమడుగు బంగళాకు పోయేవారు. నేను ఈ ప్రాంతం వాణ్ణి గదా, పాములూ దుమ్మూ అలవాటేనని, విమానం పక్కన గుడారం వేసి నన్ను కాపలా ఉంచారు.

జీపు చప్పుడు కట్ట అవతల తగ్గిపోయాక ఆ చెరువులో నేనూ విమానమూ మిగిలేవాళ్ళం. అంత వెడల్పు చోటులో ఒక్కడే కూర్చుంటే మనిషి మరీ చిన్నవాడైపోతాడు. పొద్దు గూకే ముందు నేను విమానంలోకి ఎక్కి నా సీటులో కూర్చునేవాణ్ణి. దాంట్లో సీట్లు రెండూ పక్కపక్కనే ఉండేవి. ఎడమది నాది, కుడిది సారుది. రెక్కల గుడ్డకు పూసిన రంగు వాసన, కొత్త చెక్క వాసన. విమానాన్ని తిప్పే చేతికర్ర పట్టుకుని, కాళ్ళు పెడళ్ళ మీద పెట్టి, ఆ రోజు పాఠమంతా మళ్ళీ అప్పజెప్పేవాణ్ణి. పక్క సీటు ఖాళీగా ఉండేది. సోలో రోజు కూడా ఇట్లాగే ఉంటుంది గదా, అలవాటు చేసుకుందామని ఆ ఖాళీ వైపు చూస్తూ ఉండేవాణ్ణి. ఆ సోలో తప్ప నాకు ఇంకో కోరిక లేదు. అది అయితే నా భాషను చూసి నవ్వేవాళ్ళు ఉండరనుకున్నాను.

అట్లా కూర్చున్న ఒక సాయంత్రం కట్ట మీద నుంచి ఒక ముసలాయన కేకేశాడు. "ఏందప్పా, ఒక్కనివే కూచోనుండావే?"

"కాపలా మామా."

"దేనికి?"

"విమానానికి."

"మంచిది. నాదీ కాపలానే. నీళ్ళకి" అని ఎండిన చెరువంతా చెయ్యి తిప్పి చూపించి నవ్వాడు.

ఆయన ఆ చెరువు నీరుగంటి. తూము ఎత్తి ఎవరి మడికి ఎంత నీళ్ళు పారాలో చూడటం ఆయన పని, ఆయన తండ్రి పని, తాత పని. నీళ్ళు లేకపోయినా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కట్ట మీదికి వచ్చేవాడు. తూము చుట్టూ మొలిచిన ముళ్ళకంప పీకేవాడు. తూము ఇనుప కడ్డీకి ఆముదం రాసేవాడు. ఎప్పుడు నీళ్ళొచ్చినా అది తుప్పు పట్టి ఇరుక్కోకూడదు. ఇంట్లో భార్య చనిపోయింది, కొడుకులు కూలికి వలస పోయారు. ఆయన కూడా నాలాగే మాటకు మొహం వాచి ఉన్నాడు. ఆనాటి నుంచి సాయంత్రాలు కట్ట మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఆయన సజ్జ రొట్టె, ఎర్రకారం తెచ్చేవాడు. నా భాషకు నవ్వని మనిషి ఆ చెరువులో ఆయన ఒక్కడే.

పగలంతా నేర్చుకునేవాణ్ణి. ఇంజను గట్టిగా అరుస్తూ రేగడి మీద చాలాదూరం పరుగెత్తి, ఇక లేవదేమో అనిపించినప్పుడు లేచేది. ఎండపూట ఇంకా బద్ధకం. గండికోట గుట్టల ఎత్తుకు వచ్చాక సారు ఇంజను ఆపమనేవాడు. ఫ్యాను రెండు చుట్లు తిరిగి నిలబడిపోయేది. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం గురించి ఎంత చెప్పినా ఎదుటివాడికి అర్థం కాదు. కింద పెన్న ఇసుక తెల్లగా కనిపించేది. ఎక్కడో కుక్క మొరిగితే పైకి వినిపించేది. ఒకసారి ఒక ఆడమనిషి బిడ్డను పేరు పెట్టి పిలవడం విన్నాను. ఆమెకు తెలియదు తన పిలుపు పైన ఒకడు విన్నాడని.

ఇంజను ఆపాక పైకి పోవాలంటే వేడిగాలి ఎక్కడ లేస్తోందో కనిపెట్టాలి. దానికి గుర్తు మబ్బు. కింద చదునుగా, పైన దూదిపోగులాగా ఉండే తెల్లమబ్బు ఎక్కడ ఉంటే దాని కింద గాలి లేస్తున్నట్టు. సారు వేలు చూపించి "ఆ మబ్బు కిందికి పో" అనేవాడు. పోయి దాని కింద చుట్లు కొట్టేవాళ్ళం. విమానం ఎవరో అరచేత్తో ఎత్తినట్టు లేచేది. ఎండకాలపు మబ్బులు ఎక్కువసేపు నిలవవు. గాలి తగ్గగానే కరిగిపోతాయి. అది కరిగితే మేము ఇంకోదాని కిందికి పోయేవాళ్ళం.

ఇదంతా నీరుగంటి కట్ట మీద కూర్చుని రోజూ చూస్తున్నాడు. మా సీమలో మబ్బును మోడం అంటారు. ఒక సాయంత్రం రొట్టె తింటూ, "అప్పా, ఒక మాట అడుగుతా, తప్పనుకోవద్దు. మీ విమానం మోడాలు మేస్తాదా?" అన్నాడు.

"ఏంది మామా?"

"నేను దినామూ చూస్తాండా. మోడం యాడుంటే ఆడికే పోతాది. దాని కింద గిర్రున తిరుగుతాది. మల్ల తలెత్తి చూస్తే మోడం లేదు. మేక పోయి చెట్టు కింద తిరిగినంక ఆకు మిగుల్తాదా?"

నాకు వచ్చిందంతా చెప్పాను. వేడిగాలి గురించి, మబ్బు ఎట్లా పుడుతుందో, ఎట్లా పోతుందో, మట్టిలో పుల్లతో బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"శానా బాగ చెప్పినావప్పా. అయితే ఒకటి చెప్పు. మీరు పోకముందు మోడం ఉండె. పోయినంక లేదు. అవునా, కాదా?"

"అవును."

"ఇంకేముంది మల్ల" అని రొట్టె తుంచుకున్నాడు.

ఆ మాట ఆయన ఒక్కడి దగ్గర ఆగలేదు. మూడేళ్ళుగా వాన కోసం ఆకాశం చూస్తున్న జనం. వాళ్ళు చూసే ఆకాశంలోనే మేము తిరుగుతున్నాం. రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చింది, చినుకు లేదు. జమ్మలమడుగు హోటల్లో టీ తాగుతుంటే పక్కన కూర్చున్నాయన "మోడాలు మేపేది మీరేనంట గదప్పా, కడుపు నిండిందా దానికి?" అన్నాడు. ఎగతాళిగా అన్నా మాటలో మంట ఉంది. ఒకనాడు సెలవు దొరికి పులివెందులకు పోయాను. ఇంట్లో కాలు పెట్టానో లేదో నాయన అదే మాట ఎత్తాడు.

"ఆ విమానమేదో మోడాల్ని తరుముతాందంట. దాంట్లో నీవూ ఉండావంట."

"అట్లాంటిదేం లేదు నాయనా."

"లేకుంటే మంచిదే. విత్తనం కాయలు ఒలిచి పెట్టుకున్నాం. ఒలిచిన గింజ ఎన్నాళ్ళుంటాది? రోజూ తిట్లు తింటాండా, నీ కొడుకే వాన రానీడంలేదని."

నాయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, చాట తీసుకుని వేరుశనగ గింజల్లో పుచ్చులు ఏరుతూ కూర్చున్నాడు. నేను మరుసటి పొద్దునే బస్సెక్కాను. సారుకేమో నేను మొరటు పల్లెటూరివాణ్ణి, మా వాళ్ళకేమో విమానానికి మబ్బులు మేపే దొరను. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అది నేనే. బస్సు కిటికీ పక్కన కూర్చుని ఎండిపోయిన చేలు చూస్తూ ఉంటే, ప్రపంచంలో నా వైపు మనిషి ఒక్కడూ లేడనిపించింది.

సోలో దగ్గర పడింది. సారు దిగిపోతే విమానం తేలికైపోతుంది, నేనేమో బక్కవాణ్ణి. బరువు సరిపోక ముక్కు పైకి లేస్తుంది. అందుకని సారు సీటులో ఇసుక సంచి ఒకటి కట్టాలి. సంచి కుట్టించుకు రమ్మని నన్ను ప్రొద్దుటూరు పంపించారు. అక్కడ గుడారాల గుడ్డ కుట్టే సాయిబు ఒకాయన ఉన్నాడు. కొలతలు చెప్పాను. దేనికని అడిగాడు.

"మా సారు దిగినాక ఆయన సీట్లో కూర్చోబెట్టేదానికి."

ఆయన కుట్టుమిషను ఆపి నన్ను చూశాడు. "అంటే మీ సారుకు బదులా? అట్లయితే దీనికో చొక్కా గూడా కుడ్తానప్పా, మర్యాదగా ఉంటాది" అన్నాడు. చాలా రోజుల తర్వాత నేను మనసారా నవ్వాను. ఆయన నాలుగు మూలలా చెవులు కుట్టి, నోటికి పట్టీ పెట్టి, ఎంత బరువైనా చినగని సంచి చేసి ఇచ్చాడు. జమ్మలమడుగులో దిగి పెన్నలో ఇసుక నింపుకున్నాను. దుకాణంలో కాటా మీద పెట్టి, గుప్పెడు తీసి, గుప్పెడు పోసి, సారు చెప్పిన బరువుకు సరిగ్గా తూచాను. ఆ సంచిని గుడారంలో నా తల దగ్గరే పెట్టుకున్నాను. ఏ రాత్రైనా మెలకువ వస్తే చెయ్యి చాపి తడిమి చూసుకునేవాణ్ణి.

సోలో చూడటానికి ప్రభుత్వం తరఫున ఒక ఆఫీసరు వచ్చి బంగళాలో దిగాడు. రేపు పొద్దున్నే ఎగరాలి. ఆ సాయంత్రం నీరుగంటి మామూలుగా కేకేయలేదు, కట్ట దిగి నా దగ్గరికే వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. నాకు భయమేసింది.

"అప్పా, రేపు వరదపాశం పోస్తాండాం. మరువ కాడ బండ మీద. ఊరు ఊరంతా వస్తాది. రేపొక్కనాడు విమానం లేపొద్దని మీ సారుకు చెప్పప్పా. నీ కాళ్ళు మొక్కుతా."

వరదపాశమంటే వాన కోసం చేసే మొక్కు. ఊరంతా కలిసి పాయసం వండి, చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే మరువ దగ్గర వట్టి బండ మీద పోసి, చేతులు వెనక్కి పెట్టుకుని పశువుల్లాగా నాలుకతో నాకుతారు. ఇంత దిగజారి అడిగితే దేవుడు కాదనడని నమ్మకం.

నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. విమానం మబ్బులను మేయదని నాకు తెలుసు. రేపు ఎగిరినా వాన రావాలనుంటే వస్తుందనీ తెలుసు. కానీ రేపు నేను ఎగిరి, వాన రాకపోతే, ఈ ఊరికీ మా ఊరికీ అది నేను చేసిన పనే అవుతుంది. నాయన చాట ముందు కూర్చున్న తీరు కళ్ళలో మెదిలింది. బంగళాకు పోయి సారుతో చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు.

"నువ్వు కూడా నమ్ముతున్నావా?"

"లేదు సార్."

"మరి?"

"వాళ్ళు నమ్ముతాండారు సార్" అన్నాను. 'నమ్ముతున్నారు' అని సరిదిద్దుకోవాలని కూడా తోచలేదు.

"సోలో నీది. నువ్వే ఆగుతానంటే నాదేముంది. ఆఫీసరు ఎల్లుండి దాకా ఉంటాడు. ఎల్లుండి పొద్దున ఎగురు" అన్నాడు. ఒక్క రోజే గదా అనుకున్నాను.

వరదపాశానికి నన్నూ పిలిచారు. నీరుగంటి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. అందరితో పాటు మోకాళ్ళ మీద వంగి, కాలే బండ మీద బెల్లం పాయసం నాకాను. ఆ రోజు ఆకాశం ఎంత బాగుందో! కింద చదునైన మబ్బులు వరుసగా, ఒకదాని వెనక ఒకటి, గండికోట దాకా. పైలట్ కళ్ళతో చూస్తే అంత మంచి రోజు మళ్ళీ దొరకదు. మధ్యాహ్నం తిరిగేసరికి అవన్నీ ఎప్పటిలాగే కరిగిపోయాయి. విమానం పొద్దున్నించీ నేల మీదే ఉంది. నేను నీరుగంటి వైపు చూశాను. ఇప్పుడేమంటావు మామా అన్నట్టు.

"అది ఆన్నే ఉండాది గదప్పా, రెక్కలు చాచుకోని. కండ్లబడ్తాంటే మోడాలు యాడ నిలబడ్తాయి?" అన్నాడు.

మరుసటి పొద్దున గాలి ఆగిపోయింది. ఒళ్ళంతా జిడ్డు చెమట. అంత పొద్దునే చెమట పట్టడం నాకు నచ్చలేదు గానీ, నచ్చలేదని నాకు నేనే చెప్పుకోలేదు. సారు తన చేతులతో ఇసుక సంచిని కుడి సీటులో పెట్టి, బెల్టులు వేసి, లాగి చూశాడు. నేను ఎడమ సీటులో కూర్చున్నాను. ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కట్ట మీద ఊరి జనం. ఇంజను తిరిగింది. ఆ ఊపుకు చేతికర్ర అదురుతోంది. పక్కకు చూస్తే సంచి. ఎన్నో సాయంత్రాలు నేను అలవాటు చేసుకున్న ఖాళీలో అది బుద్ధిగా కూర్చుని ఉంది. సారు చెయ్యి ఎత్తాడు. చెయ్యి దించితే నేను కదలాలి.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఆయన పడమర వైపు చూస్తున్నాడు. గండికోట గుట్టల మీద ఆకాశం నల్లగా దిగిపోయింది. దాంట్లో ఒక మెరుపు గీత. అది నేను కిందికి పోయి చుట్లు కొట్టే తెల్లమబ్బు కాదు. ఆయన పరుగెత్తుకొచ్చి ఇంజను మీదుగా అరిచాడు. "దిగు!"

"సార్, ఒక్క చుట్టు. దించేస్తా."

"రేగడి నేలయ్యా. ఒక్క జల్లు పడితే చక్రం కూరుకుపోతుంది, మళ్ళీ లేవదు. చెరువులో విమానం మునిగిపోతుంది. దిగు!"

దిగాను. ఆయన నా సీటులోకి ఎక్కాడు. బరువు తగ్గాలని సంచి బెల్టులు విప్పి కింద పడేశాడు. "కడపలో దించుతాను. నువ్వు బస్సులో వచ్చేయ్, సోలో అక్కడ చేయిస్తా" అన్నాడు. రెక్క ఒక పక్కకు వాలకుండా చివర పట్టుకుని పరుగెత్తింది నేనే. వేగం అందుకోగానే రెక్క నా చేతిలోంచి జారిపోయింది. అది లేచి, కట్ట దాటి, తూర్పుకు తిరిగింది. మెకానిక్కును ఎక్కించుకుని ఆఫీసరు జీపు పోయింది. చెరువు మధ్యలో నేనూ, ఇసుక సంచీ. మొదటి చినుకు సంచి మీద పడింది.

అంత జాగ్రత్తగా తూచిన బరువును అక్కడ వదిలిపెట్టబుద్ధి కాలేదు. భుజానికెత్తుకుని కట్ట వైపు నడిచాను. సగం దారిలోనే వాన కుమ్మరించింది. రేగడి చెప్పులను పట్టి లాగుతుంటే చెప్పులు వదిలేసి నడిచాను. కట్ట మీద ఆడా మగా ఎగురుతున్నారు, కేకలు పెడుతున్నారు. నీరుగంటి రెండు చేతులూ చాచి ఎదురొచ్చాడు.

"చూస్తివా అప్పా! అది పాయ, వాన వచ్చె! ఇప్పుడన్నా ఒప్పుకుంటావా?"

అది పోయింది, వాన వచ్చింది. "ఒప్పుకుంటా మామా" అన్నాను. ఆ రోజు ఆ తాలూకా మొత్తం మీద వానకు సంతోషపడని మనిషిని నేనొక్కణ్ణే. వాన నాకు వద్దని కాదు. ఒక్క అరగంట ఆగి ఉంటే చాలు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. వానలో ఏడిస్తే ఎవరికీ తెలియదంటారు గానీ నీరుగంటికి తెలిసింది. సంతోషమనుకున్నాడు. "ఏడువప్పా, ఏడువు. నాకూ వస్తాండాది" అని నన్ను పట్టుకుని ఆయనా ఏడ్చాడు.

సాయంత్రానికి చెరువులోకి వాగు నీళ్ళు దిగాయి. మూడేళ్ళు ఎండి నెర్రెలిచ్చిన కట్ట తూము పక్కన చిమ్మడం మొదలైంది. జనం గోనెసంచుల్లో మట్టి నింపి తెస్తున్నారు. నీళ్ళు ఎక్కువవుతున్నాయి, సంచులు చాలడం లేదు. నీరుగంటి నా పక్కనున్న సంచిని చూశాడు, నన్ను చూశాడు, అడగలేదు. నేనే ఎత్తి ఆయనకు అందించాను. నడుము లోతు నీళ్ళలో నిలబడి దాన్ని గండిలో పెట్టి కాలితో తొక్కాడు. మిగతా సంచుల కంటే అది బాగా కూర్చుంది.

వాగులు తగ్గి బస్సులు తిరిగాక, ముందు ఇంటికి పోయి చెప్పి కడపకు పోదామనుకుని పులివెందుల చేరాను. నాయన చేలో ఉన్నాడు. ఎద్దులు, గొర్రు, వెనక గింజలు విడుస్తూ అమ్మ. ఆయన మొహంలో అట్లాంటి వెలుగు నేను చూసి ఎన్నేళ్ళయిందో. "మంచి పదునులో వస్తివి. పట్టు" అని గొర్రు నా చేతికిచ్చాడు. కొన్ని సాళ్ళు పోయాక అడిగాడు.

"విమానం ఏమాయ?"

"పాయ నాయనా."

"మంచిదాయ" అన్నాడు. ఆయనకు తెలిసింది అంతే. నేను సాలు వంకర పోకుండా చూసుకుంటూ నడిచాను.

విత్తనం అయ్యాక కడపకు పోతే విమానం అక్కడ లేదు, పట్నానికి తీసుకుపోయారన్నారు. పట్నం పోయాను. ఇంజను మార్చడానికి దాన్ని విప్పి పెట్టి ఉంది. సారు ఆప్యాయంగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయాలట. దానికి ఏమీ రాని వాడు కావాలి. "నీకు ఇప్పుడు వచ్చేసింది కదయ్యా" అన్నాడు. ఏమీ రాదని తీసుకున్నారు, వచ్చిందని వద్దన్నారు. లైసెన్సు కోసం సొంతంగా నేర్చుకునే స్తోమత మాకు లేదు. ఇంకో కుర్రవాడు వచ్చాడు, ఏమయ్యాడో నాకు తెలియదు. ఆ రకం విమానం ఆ ఒక్కటి తప్ప మళ్ళీ తయారు చేయలేదని మాత్రం తర్వాత విన్నాను.

వేరుశనగ పీకడం అయ్యాక ఒకసారి ఆ చెరువు చూడబుద్ధయింది. నాకు మాట్లాడటానికి ఒక మనిషి కావాలి. జమ్మలమడుగులో బస్సు దిగి నడిచి పోయాను. చెరువు నిండుగా ఉంది, మరువ పారుతోంది. మేము పరుగెత్తిన బాట ఎక్కడుందో ఆనవాలు లేదు, దాని మీద కొంగలు తేలుతున్నాయి. నీరుగంటి తూము దగ్గర ఉన్నాడు. చుట్టూ రైతులు, మా మడికి ముందు విడువంటే మా మడికి ముందని. కొడుకులు కూడా తిరిగొచ్చినట్టున్నారు, ఒకడు పారతో కాలువ సరిచేస్తున్నాడు. నీరుగంటి నన్ను చూసి "ఏందప్పా, బాగుండావా? నీ సంచి ఇంకా ఆన్నే ఉండాది, గట్టిగా" అన్నాడు. ఆ వెంటనే ఎవరో పిలిస్తే అటు తిరిగాడు. ఆయనకు సంతోషం, నాకూ ఆయన్ను చూసి సంతోషమే. కానీ ఇద్దరం కూర్చుని రొట్టె తినే తీరిక ఇక ఆయనకు లేదు. ఆనాటి ఇద్దరు కాపలావాళ్ళలో ఒంటరిగా మిగిలింది నేనొక్కణ్ణే.

పోదామని లేచాను. చెరువు మీద ఒక తెల్లమబ్బు వచ్చి నిలిచింది. కింద చదునుగా, పైన పొంగుతూ. దాని కింద గాలి ఎంత బలంగా లేస్తోందో, ఎటువైపు నుంచి పోయి ఎటు చుట్టు కొట్టాలో నా చేతికీ కాళ్ళకూ తెలుసు. కదలకుండా నిలబడి దాన్నే చూస్తున్నాను. ఎందుకో తల దించి చూస్తే, నీరుగంటి తూము కడ్డీ పట్టుకుని పని ఆపేశాడు. మబ్బును చూశాడు. నన్ను చూశాడు. ఆయన కళ్ళలో నిజంగానే భయం ఉంది.

"దాన్నేమీ చేయను మామా, నడిచే వచ్చినా" అన్నాను.